మేడ మీద తోటలో పువ్వులు: ఏవి వండుకోవచ్చు, ఎలా పెంచాలి

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. హైదరాబాద్‌లో మేడ మీద కుండీల్లో మందారం, శంఖు పువ్వు, గులాబీ, ఒక గుమ్మడి తీగ ఉన్నాయి. కింద ఇంటి వెనక ఒక అరటి, ఒక మునగ. వీడియోల్లో పూల సలాడ్లు, నీలం రంగు అన్నం చూసి మీకూ చేయాలనిపించింది. ఇంట్లో ఆరేళ్ళ పాప ఉంది. ఏ పువ్వులు తినొచ్చు, కొత్తగా ఏవి వేయాలి, పువ్వులు కోసేస్తే కాయలు పోవా అన్నవి మీ ప్రశ్నలు.

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. సలాడ్ మీద చల్లుకునే రేకుల కోసం మీరు కొత్త మొక్కలు కొనక్కర్లేదు. గుమ్మడి, మునగ, అరటి, అవిసె పువ్వులు మన ఇళ్ళలో ఎప్పటినుంచో కూరలే. వీటిలో ఏ పువ్వు, ఏ పూట కోయాలో తెలిస్తే కాయలేమీ తగ్గవు. అరటి విషయంలో అయితే పువ్వు కోయడమే గెలకి మంచిది.

ముందు గుమ్మడి. విత్తనం వేసిన నెలన్నరకి అటూ ఇటూగా పూత మొదలవుతుంది. మొదట్లో వచ్చేవి దాదాపు అన్నీ మగ పువ్వులే. "పూలు పూస్తున్నాయి, రాలిపోతున్నాయి, ఒక్క పిందె లేదు" అని అందరూ టెన్షన్ పడేది అప్పుడే. రాలిపోయే ఆ పువ్వులే మీ బజ్జీలు. మగ పువ్వు సన్నగా, పొడుగ్గా ఉన్న కాడ మీద నిలబడి ఉంటుంది. ఆడ పువ్వు కాడ పొట్టిగా ఉంటుంది, రేకుల కింద గోళీకాయంత పిందె కనిపిస్తుంది. దాని జోలికి వెళ్ళకండి.

గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. కాబట్టి మీ పని ఎనిమిదింటి లోపే. ఆ రోజు ఆడ పువ్వు కూడా విచ్చుకుని ఉంటే ఒక మగ పువ్వు తుంచి, రేకులు వెనక్కి వలిచేయండి. మధ్యలో పసుపు పొడి అంటుకున్న కాడ ఒకటి మిగులుతుంది. దాన్ని ఆడ పువ్వు మధ్యలో మూడు తమ్మెలుగా ఉన్న భాగం మీద మెల్లగా, అన్ని వైపులా రుద్దండి. మేడ మీద మూడో అంతస్తు, నాలుగో అంతస్తు దాకా తేనెటీగలు సరిగ్గా రావు కాబట్టి ఈ పని మనమే చేయాలి. ఆ తర్వాత మిగిలిన మగ పువ్వుల్లో ఒకటి రెండు తీగకి వదిలేసి మిగతావి కోసుకోవచ్చు. సొర, బీర వేసినవాళ్ళు ఇదే పని సాయంత్రం చేయాలి, వాటి పువ్వులు పొద్దు వాలాక విచ్చుకుంటాయి.

కోసిన పువ్వుని తలకిందులుగా పట్టుకుని దులపండి. చీమలు ఉంటాయి, ఒక్కోసారి ఎర్ర పెంకు పురుగు కూడా ఉంటుంది. లోపలి పుప్పొడి కాడని, అడుగున ఆకుపచ్చగా, ముళ్ళలా ఉండే తొడిమ రేకుల్ని గిల్లేయండి. చేదు, గరగర అంతా వాటిలోనే. నీళ్ళలో నానబెడితే పువ్వు చీకిపోతుంది, ఒక్కసారి ముంచి తీసి గుడ్డ మీద ఆరేస్తే చాలు. బజ్జీ పిండి మిరపకాయ బజ్జీకి కలిపినదాని కన్నా పల్చగా ఉండాలి. శనగపిండిలో రెండు చెంచాల బియ్యప్పిండి, వాము, ఉప్పు, కారం వేస్తే సరిపోతుంది. నూనె బాగా కాగాక వేసి, రెండు వైపులా రంగు రాగానే తీసేయండి. పిండి మందంగా పట్టిందంటే పువ్వు రుచి తెలియదు, శనగపిండి తిన్నట్టే ఉంటుంది. నూనె వద్దనుకుంటే నానబెట్టిన పెసరపప్పుతో పొడి కూర చేయండి. పప్పు ముక్కాలు ఉడికాక పువ్వులు తరిగి వేయాలి, మూడు నిమిషాల్లో మగ్గిపోతాయి. బస్తాడు పువ్వులు వేసినా గుప్పెడు కూరే అవుతుందని మాత్రం ముందే తెలుసుకోండి.

కుండీకి పెద్ద గుమ్మడి రకాలు వద్దు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క సూర్యముఖి కాయ కిలో, కిలోన్నర ఉంటుంది, పండు ఈగని కూడా తట్టుకుంటుంది. కనీసం ఇరవై అంగుళాల వెడల్పున్న గ్రోబ్యాగ్ కావాలి. ఆకులు ఏనుగు చెవుల్లా పెరిగి పూత రాకపోతే నత్రజని ఎక్కువైనట్టు. కోళ్ళ ఎరువు, వేరుశనగ చెక్క నీళ్ళు మూడు వారాలు ఆపేసి, కట్టెల బూడిద రెండు గుప్పెళ్ళు వేసి చూడండి.

మునగ సంగతి ఇంకా తేలిక. ఒక్కో గుత్తిలో పదుల కొద్దీ పువ్వులుంటాయి, అందులో కాయగా నిలిచేవి ఒకటో రెండో. మిగతావి చెట్టే రాల్చేస్తుంది. రాత్రి చెట్టు కింద పాత చీర పరిచి, పొద్దున్నే కొమ్మని మెల్లగా ఊపండి. అప్పటికప్పుడు రాలినవి ఏరుకోవాలి, నిన్నటివి గోధుమ రంగుకి తిరిగి చేదెక్కుతాయి. నీళ్ళలో వేసి రెండు మూడు సార్లు దేవితే ఇసుక అడుగుకి చేరుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి, పువ్వు వేసి పచ్చి వాసన పోయేదాకా మగ్గించి, రెండు గుడ్లు కొట్టి పోస్తే మునగ పువ్వు పొరటు తయారు. గుడ్డు తినని ఇంట్లో కందిపప్పులో వేస్తారు. మీ చెట్టు చేయి అందనంత పైకి పోయిందని రాశారు. కాయలు అయిపోయాక మూడడుగుల ఎత్తులో నరికేయండి, భయపడక్కర్లేదు, పక్క కొమ్మలు వేసి మళ్ళీ పూస్తుంది. కుండీలో కొత్తగా వేయాలంటే తమిళనాడు పెరియకుళం ఉద్యాన కళాశాల నుంచి వచ్చిన పీకేఎం-1 విత్తనం మంచిది. ఆరు నెలలకే పూతకొస్తుంది. గర్భంతో ఉన్నవాళ్ళు మునగ పువ్వు తినాలనుకుంటే డాక్టర్‌ని అడిగాకే. వేరు, బెరడు మాత్రం ఎవరూ వాడకూడదు.

అరటి పువ్వు దగ్గరికి వస్తే, గెలలో చివరి హస్తం, అంటే చివరి కాయల వరస, విడివడ్డాక కిందకి వేలాడుతున్న పువ్వు వల్ల కాయకి ఏ ఉపయోగమూ లేదు. చివరి హస్తం నుంచి జానెడు దూరం వదిలి, పొడి వాతావరణంలో పదునైన కత్తితో కోసేయండి. ఆ బలం కాయలకి పోతుంది. రైతులు కూడా ఇదే చేస్తారు. కోసిన చోట జిగురు కారుతుంది, బట్టలకి అంటితే ఇక పోదు.

దీన్ని శుభ్రం చేయడానికే గంట పడుతుంది, అందుకే చాలామంది వదిలేస్తారు. చేతులకి నూనె రాసుకుని, ముదురు ఎరుపు డొప్పలు ఒక్కొక్కటే తీస్తుంటే ప్రతి డొప్ప కింద వరసగా చిన్న పువ్వులు కనిపిస్తాయి. ఒక్కో చిన్న పువ్వులో రెండు తీసేయాలి. ఒకటి గుండుసూదిలా తల లావుగా ఉన్న గట్టి కాడ, రెండోది పక్కనే ప్లాస్టిక్ ముక్కలా ఉన్న పారదర్శకపు రేకు. ఈ రెండూ ఎంతసేపు ఉడికించినా ఉడకవు, పంటి కింద పీచులా తగులుతాయి. లోపలికి పోయేకొద్దీ పువ్వులు లేతబడతాయి, తెల్లటి గుండె దగ్గరికి వచ్చాక ఏమీ తీయకుండా మొత్తం తరిగేయొచ్చు. తరిగింది తరిగినట్టు పల్చటి మజ్జిగలో వేయాలి, లేకపోతే నల్లబడుతుంది. తర్వాత ఉప్పు, పసుపు వేసి ఉడికించి, గట్టిగా పిండి, పోపులో వేసుకోవాలి. గోదావరి జిల్లాల్లో దీనికి ఆవ పెడతారు. నానబెట్టిన ఆవాలు, ఎండుమిర్చి నూరిన ముద్దని పొయ్యి కట్టేశాకే కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదొస్తుంది. ఉడికించి పిండిన పువ్వు మిగిలితే, అందులో నానబెట్టిన శనగపప్పు కచ్చాపచ్చాగా రుబ్బి కలిపితే మర్నాటికి వడలు.

మీ దగ్గర లేనిది, మీరు వేసి తీరాలని నేననేది ఎర్ర గోంగూర. తెలంగాణలో పుంటికూర అంటారని మీకు చెప్పక్కర్లేదు. అందరూ ఆకు కోసుకుని మొక్క పీకేస్తారు. రెండు మొక్కలు వదిలేయండి. పగటి వేళ తగ్గే రోజుల్లోనే ఇది పూతకొస్తుంది, అంటే జూన్, జూలైలో వేసినా, ఆగస్టులో వేసినా పూసేది దసరా దాటాకే. ఆలస్యంగా వేస్తే మొక్క చిన్నగా ఉండగానే పూసేస్తుంది, కాయలు తక్కువ వస్తాయి. లేత పసుపు పువ్వు ఒక్క రోజే ఉంటుంది. అది రాలాక కింద ఉన్న ఎర్రటి తొడిమ రేకులు రెండు మూడు వారాలు ఉబ్బుతూ, కండ పడతాయి. మనం తినేది వాటినే. గోరుతో గుచ్చి చూస్తే నీరు ఊరాలి. ముదిరితే పీచు పడుతుంది, లోపలి గింజలు గోధుమ రంగుకి తిరుగుతాయి. చాకు మొనతో అడుగున చుట్టూ గాటు పెట్టి, వేలితో తోస్తే లోపలి గింజల కాయ ఊడి బయటికి వస్తుంది. మిగిలిన ఎర్రటి డొప్పలతో పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి రోటి పచ్చడి చేస్తే ఆకు పచ్చడి కన్నా పులుపు శుభ్రంగా, పండులా ఉంటుంది. ఊళ్ళో దుకాణాల్లో ఖరీదుగా అమ్మే హైబిస్కస్ టీలో ఉండేది సాధారణంగా ఇదే, మన పూజ మందారం కాదు. ఎండబెట్టి సీసాలో పెట్టుకుంటే మీ ఇంట్లోనే ఏడాది పొడుగునా వస్తుంది. ఇది బీపీని కాస్త తగ్గిస్తుంది కాబట్టి బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు రోజూ తాగే ముందు డాక్టర్‌కి చెప్పాలి.

ఇక మీ కుండీల్లోని అందమైనవి. ఒంటి రేకల ఎర్ర మందారం తినొచ్చు, పుప్పొడి కాడ, ఆకుపచ్చ తొడిమ తీసేసి. రుచి పెద్దగా ఏమీ ఉండదు, కాస్త జిగురు, కాస్త పులుపు. చారులోనో షర్బత్‌లోనో రంగు కోసం వేసుకోండి. శంఖు పువ్వుకి రుచి అసలే లేదు, రంగు మాత్రం అద్భుతం. పది పన్నెండు పువ్వులు గ్లాసుడు వేణ్ణీళ్ళలో వేసి, నీలం దిగాక వడకట్టి ఆ నీళ్ళతో అన్నం వండుకోవచ్చు. నిమ్మకాయ పిండితే ఊదా రంగుకి మారుతుంది. మీ పాపకి పులుపు తగిలితే రంగు మారే ఈ సంగతి సైన్సు పాఠంగా పనికొస్తుంది. గింజలు, వేరు మాత్రం విరేచనాలు పట్టిస్తాయి, పాపకి అందనివ్వకండి. కాయలు లేతగా ఉండగానే తుంచేస్తుంటే తీగ ఆగకుండా పూస్తుంది, గింజల గొడవా ఉండదు.

గులాబీల్లో వాసన వచ్చే నాటు రకమే తినడానికి బాగుంటుంది. వాసన లేని హైబ్రిడ్ రేకులు నమిలితే కాగితం నమిలినట్టే. గుల్కంద్‌కి రేకులెంత బరువో చక్కెర అంత. సీసాలో పొరలు పొరలుగా వేసి, మూత బిగించి, రోజూ ఎండలో పెట్టి, పొడి గరిటెతో తిప్పుతుంటే మూడు వారాల్లో ముద్దవుతుంది. రేకుల మీద తడి ఉంటే బూజు పడుతుంది, అంతకు మించి ఇందులో కష్టం లేదు. చామంతి టీ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. ప్యాకెట్లలో కామొమైల్ పేరుతో వచ్చే మొక్క వేరు, మన దండల చామంతి వేరు. నాస్టర్షియం, పాన్సీ లాంటివి మన దగ్గర అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకానే బతుకుతాయి, సరదా ఉంటే ఒక కుండీలో వేసుకోండి. నాస్టర్షియం పువ్వు, ఆకు రెండూ ఆవాల ఘాటుతో బాగుంటాయి. అమెరికాలో ఉన్న మీ అక్కకి అయితే వేసవిలో గుమ్మడి జాతి జుకినీ పువ్వులు దొరుకుతాయి. పైన చెప్పిన గుమ్మడి పువ్వు బజ్జీ వాటితో అచ్చంగా వస్తుంది.

పురుగుమందుల సంగతి వంటకన్నా ముఖ్యం. బజారులో దండల కోసం అమ్మే పువ్వుని ఎంత కడిగినా తినకూడదు. ఆ పంట ఎవరూ తినేది కాదు కాబట్టి, మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలన్న లెక్క అక్కడ ఎవరూ చూడరు. పూజ అయిపోయిన గులాబీలతో గుల్కంద్ పెడదామనే ఆలోచన కూడా మానుకోండి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకీ ఇదే వర్తిస్తుంది. వేళ్ళ ద్వారా లోపలికి పాకే మందులు వాడి ఉండొచ్చు, కడిగితే పోయేవి కావవి. కొత్త మొక్కకి మొగ్గలన్నీ తుంచేసి, మూడు నెలలు మీ ఎరువు మీద పెరగనిచ్చి, ఆ తర్వాత వచ్చిన కొత్త చిగుళ్ళ పువ్వులే వంటింట్లోకి తీసుకెళ్ళండి. వీలైతే విత్తనం నుంచో, మీకు తెలిసినవాళ్ళ కొమ్మ నుంచో పెంచుకోవడం మంచిది.

మందారానికి పిండినల్లి పట్టిందని రాశారు. పొద్దున పూట పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టి కడిగేయండి, బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి కవర్లో కట్టి పారేయండి. చీమలు కాండం మీదకి ఎక్కుతుంటే ముందు వాటి సంగతి చూడండి, పిండినల్లిని మోసుకొచ్చేది అవే. తగ్గకపోతే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కలవడానికి రెండు చుక్కల సబ్బు ద్రావణం వేసి సాయంత్రం ఆకుల అడుగున కొట్టండి. విచ్చుకున్న పువ్వుల మీద కొట్టొద్దు. ఆ వారం పువ్వులు కోసి దేవుడికి పెట్టుకోండి, తినకండి.

వేప పువ్వు గురించి మీరు అడగలేదు గానీ, ఉగాది ముందు ఏడాదికి సరిపడా ఏరి పెట్టుకోవచ్చు. నీడలో ఆరబెట్టి, సీసాలో దాచి, కావలసినప్పుడు నేతిలో దోరగా వేయించి చారులో వేసుకుంటే జ్వరం పడి లేచినవాళ్ళకి నోరు బాగుపడుతుంది. రోడ్డు పక్క చెట్లవి వద్దు, దుమ్ముతో పాటు, 2021 ప్రాంతంలో తెలంగాణ అంతటా వేప కొమ్మలు ఎండిపోయిన తెగులు వచ్చినప్పటి నుంచి కొన్ని చోట్ల శిలీంధ్రనాశకాలు కూడా కొట్టి ఉండొచ్చు.

ఇప్పుడు పాప విషయం. ఇంట్లో పువ్వులు తినడం మొదలుపెడితే పిల్లలకి అన్ని పువ్వులూ తినేవే అనిపిస్తుంది, ఈ టెన్షన్ నిజంగా పడాల్సిందే. మన వీధుల్లో అందంగా కనిపించే వాటిలో ప్రాణం తీసేవి ఉన్నాయి. గన్నేరు, పచ్చ గన్నేరు రెండూ గుండె మీద పనిచేసే విషాలు. 2024 మేలో కేరళలో గన్నేరు ఆకు, పువ్వు నమిలి ఒక యువతి చనిపోయిందన్న అనుమానం వచ్చాక, అక్కడి ట్రావన్‌కోర్ దేవస్వం బోర్డు తన ఆలయాల్లో నైవేద్యానికీ ప్రసాదానికీ ఆ పువ్వు వాడొద్దని ఆపేసింది. ఉమ్మెత్త, నిప్పు మంటలా పూసే అడవి నాభి, జిల్లేడు కూడా దరిచేరనివ్వకూడనివే. బిళ్ళ గన్నేరు గురించి గట్టిగా చెప్పాలి. షుగర్ తగ్గుతుందని రోజూ పొద్దున ఆ పువ్వులు నమిలే పెద్దవాళ్ళు ప్రతి కాలనీలోనూ ఉన్నారు. క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మందులు తీసేది ఆ మొక్క నుంచే. అంత ఘాటైన మొక్కని కొలత లేకుండా నమలడం వైద్యం కాదు. మీ మామగారు నములుతున్నారని రాశారు కదా, ఆపించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

పాపకి ఒకటే నియమం పెట్టండి: అమ్మ వండి కంచంలో పెట్టిన పువ్వే తినాలి, మొక్క మీద ఉన్నది ఏదీ నోట్లో పెట్టకూడదు. మందారమైనా సరే. ఏ కొత్త పువ్వునైనా మొదటిసారి పాపకి ఒక ముక్కే పెట్టి, ఆ రోజంతా చూడండి. పుప్పొడి తీసేయడం రుచి కోసమే కాదు, ఆయాసం, ఎలర్జీ ఉన్నవాళ్ళకి అది పడకపోవచ్చు.

మీరు వానాకాలం మొదట్లో అడిగారు కాబట్టి ఈ వారమే గోంగూర, గుమ్మడి విత్తనాలు వేసేయండి. ఇంటి వెనక కాస్త జాగా ఉందన్నారు, అక్కడ ఒక అవిసె చెట్టు వేయండి. విత్తనం అడిగేటప్పుడు కూరకి వాడే అవిసె చెట్టు గింజ అని విడమరిచి చెప్పాలి, లేకపోతే కిరాణా కొట్టులో నూనె గింజలైన అవిసెలు పొట్లం కట్టి ఇస్తారు. తమలపాకు తోటల్లో తీగకి ఆసరాగా వేసేది ఈ చెట్టునే, అంత తొందరగా పెరుగుతుంది. ఏడాదిలోపే పూస్తుంది. చిలక ముక్కులా వంగిన తెల్లటి పువ్వులు, ఒక్కోటి వేలెడు పొడుగు. తెలుపు రకం కూరకి బాగుంటుంది, ఎర్రది చేదు ఎక్కువ. మొగ్గ విచ్చుకునే ముందు కోసి, మధ్యలో వంకరగా ఉన్న కాడ లాగేసి, తరిగి, శనగపప్పు, కొబ్బరి కోరుతో కూర చేయండి. ఏకాదశి మర్నాడు ద్వాదశి పారణకి దీని ఆకు వండే ఇళ్ళలో పువ్వు కూర కూడా బాగా తెలుసు, మీ అత్తగారిని అడిగితే నాకన్నా బాగా చెప్పొచ్చు. వేళ్ళు లోతుగా పోవు, కట్టె మెత్తన, గాలివానకి విరుగుతుంది కాబట్టి గోడకి, కరెంటు తీగకి దూరంగా పెట్టండి. మొక్క నడుము ఎత్తుకి రాగానే తల తుంచేయడం మర్చిపోకండి, లేకపోతే రెండో ఏడాది పువ్వులు కోయడానికి పక్కింటివాళ్ళ మేడ ఎక్కాల్సి వస్తుంది.